ఐదింటి ఫొటో

దానయ్య ఫోను ఉదయం నాలుగూ నలభై ఐదుకు మోగింది. క్యాటరింగ్ వ్యాను అప్పటికే క్రాంజీ డార్మిటరీ గేటు దగ్గర ఆగి ఉంది. మనిషికో సంచి, సంచికి రెండు పొట్లాలు. ఒకటి టిఫిను, ఒకటి మధ్యాహ్నం అన్నం. దానయ్య మూడంతస్తులు దిగి తన సంచి తెచ్చుకున్నాడు. గదిలో పన్నెండు మంది. లైటు వేస్తే తిడతారు. అందుకని నడవాలో ట్యూబులైటు కింద నిలబడి టిఫిను పొట్లం విప్పాడు. మూడు చపాతీలు, పప్పు. ఫోనుతో ఫొటో తీశాడు.

తెర మీద పచ్చ టిక్కు పడింది. "టిఫిన్ నమోదైంది. ఇప్పుడు మాత్రలు వేసుకోండి" అని తెలుగులో వచ్చింది. రెండు మాత్రలు నీళ్ళతో మింగి, వేసుకున్నానని నొక్కాడు. రెండో టిక్కు పడింది. పొట్లానికి రబ్బరుబ్యాండు వేసి సంచిలో పెట్టుకుని, స్నానాల గది ముందు వరుసలో నిలబడ్డాడు.

దానయ్యకు నలభై ఏడేళ్ళు. ఊరు శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర. పదకొండేళ్ళుగా సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్ అవతల సముద్రం ఒడ్డున ఉన్న షిప్‌యార్డులో స్కఫోల్డింగ్ పని చేస్తున్నాడు. ఓడ పక్కన పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగించి, మిగతావాళ్ళు పనిచేయడానికి మెట్లూ పలకలూ కడతాడు. కిందటేడు మెడికల్‌లో సుగర్ బయటపడింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు వచ్చి, సుగర్ ఉన్న రెండు వందల ఆరుగురు కార్మికుల ఫోన్లలో ఒక యాప్ పెట్టారు. టిఫినులో ఏం తింటున్నదీ ఫొటో తీయాలి. మాత్ర వేసుకుంటే నొక్కాలి. రాత్రి ఎనిమిదింటికి వేలు పొడుచుకుని సుగర్ చూసి అంకె ఎక్కించాలి. ఆ లెక్కంతా వుడ్‌ల్యాండ్స్ క్లినిక్‌లో డాక్టరు చూస్తుంది.

రాత్రి అంకె పదకొండు, పన్నెండు మధ్య ఉండేది. ఊళ్ళో భార్య అంకమ్మ ఫోనులో "పదకొండేనా? మా యమ్మకి రెండొందలు దాటీది" అని సంబరపడింది. ఇక్కడి పదకొండు అక్కడి రెండు వందలేనని దానయ్యకు తెలిసేసరికి రెండు నెలలైంది. ఆ రెండో నెలలోనే డాక్టరు లెక్క చూసింది. తిండి టైముకు ఉంది, మాత్ర టైముకు ఉంది, సుగర్ మాత్రం దిగడం లేదు. పొద్దున వేసుకునే చిన్న మాత్రను రెట్టింపు చేసింది.

వణుకు ఆ తర్వాతే మొదలైంది.

పొద్దున తొమ్మిది ప్రాంతంలో వచ్చేది. ముందు పెదాలు తిమ్మిరెక్కేవి. తర్వాత చెమట, చేతుల్లో వణుకు. తొమ్మిదిన్నరకు టీ బ్రేకు. అప్పుడు చపాతీలు తింటే పావుగంటలో తగ్గేది. దానయ్య ఎవరికీ చెప్పలేదు. ఎత్తు మీద పనికి పాస్ ఉండాలి. కళ్ళు తిరుగుతున్నాయని తెలిస్తే సేఫ్టీ ఆఫీసరు పాస్ తీసుకుంటాడు. పాస్ లేని స్కఫోల్డరుతో కంపెనీకి పని లేదు. నిరుడు విజయనగరం మనిషి ఒకతను ఫిట్స్ వచ్చి పడిపోతే ఎనిమిది రోజుల్లో విమానం ఎక్కించారు.

రోజూ రాత్రి యాప్ అడిగేది: "ఈ రోజు వణుకు, చెమట, తల తిరగడం ఉన్నాయా?" దానయ్య లేదు అని నొక్కేవాడు.

తెలిసినవాడు ఒక్క గణపతే. అదే గది, కింది మంచం. పనిలోనూ దానయ్య కిందే నిలబడి పైపులు అందిస్తాడు. పోయిన నెలలో రెండోసారి వణుకు గట్టిగా వచ్చినప్పుడు దానయ్య చేతిలోంచి క్లాంపు జారి గణపతికి మీటరు దూరంలో పడింది. కిలో బరువుంటుంది. గణపతి దాన్ని తీసి చూసి, "బావా, కావాలంటే అడుగు, అప్పు తీర్చేస్తాను. సంపీడమెందుకూ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దానయ్యకు నవ్వు రాలేదు.

ఒక గురువారం సాయంత్రం ఆ యాప్ కంపెనీ నుంచి సుస్మిత ఫోన్ చేసింది.

"దానయ్య గారూ, యాప్ చెప్పినవన్నీ టైముకు చేయడంలో మీకు నైంటీ ఎయిట్ పర్సెంట్ వచ్చింది. అందరిలో మీరే ఫస్టు. ఆదివారం వచ్చి మీమీద చిన్న వీడియో తీస్తాం. సరేనా?"

"నామీద ఎందుకమ్మా?"

"మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారని."

కాదనడానికి దానయ్యకు కారణం దొరకలేదు.

సుస్మిత ఆదివారం పదకొండింటికి వచ్చింది. తను ఉండే హౌగాంగ్ నుంచి రైళ్ళు మారి, క్రాంజీ స్టేషనులో బస్సెక్కి, అంతా కలిపి గంటన్నర. ఆమె కంపెనీలో టెస్టరు. రెండేళ్ళ కింద తొమ్మిది మంది ఉన్న కంపెనీలో ఇప్పుడు డెబ్బై మంది ఉన్నారు. పని మాత్రం రెండు వందల మందికి సరిపడా ఉంది. ఆ వారం ఆమె అరవై రెండు గంటలు ఆఫీసులో ఉంది. తెలుగు వచ్చు కాబట్టి యాప్‌లో తెలుగు వాక్యాలు రాసే పని కూడా ఆమె మీదే పడింది. డార్మిటరీ క్యాంటీనులో కూర్చుని ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

గణపతి దానయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

"అమ్మా, మా బావకి సబ్బెట్టి రుద్దించి తెచ్చాను. ఇంక నీ ఇష్టం."

సుస్మిత నవ్వింది. "ఆ రెండు పర్సెంటు ఎక్కడ పోయింది, దానయ్య గారూ?"

"ఒకట్రెండు పాలి ఫోన్‌కి సార్జింగ్ నేదమ్మా."

"ఆ దినం నా ఫోను లాక్కుందారని సూశాడు," అన్నాడు గణపతి. "పొట్లం ఫొటో పోతే పెళ్ళి ఫొటో పోయినట్టు ఏడుపు."

సుస్మిత తన ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి నిలబెట్టింది. "డ్యూటీ రోజున ఎలా చేస్తారో అచ్చం అలాగే చేసి చూపించండి. మాత్ర మింగొద్దు, చూపిస్తే చాలు."

వీడియో కోసం ఒక చపాతీ మిగిల్చిన ఆదివారం టిఫిను పొట్లం బల్ల మీద ఉంది. దానయ్య రబ్బరుబ్యాండు తీశాడు. ఫొటో తీశాడు. మాత్రల పట్టీ కెమెరాకు చూపించాడు. నీళ్ళు తాగాడు. పొట్లం మూసి రబ్బరుబ్యాండు వేసి, సంచిలో పెట్టి, జిప్పు లాగాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కెమెరా వైపు చూశాడు.

"తినండి," అంది సుస్మిత.

"ఇప్పుడేనా?"

"తింటున్నట్టు కూడా రావాలి కదా."

"ఇప్పుడు తినం కదమ్మా."

"మరెప్పుడు?"

"తొమ్మిదిన్నరకి. టీ బ్రేకులో."

సుస్మిత రికార్డింగ్ ఆపింది. "ఫొటో ఎన్నింటికి తీస్తారు?"

"ఐదింటికి. పొట్లం ఒచ్చినప్పుడు."

"అప్పుడే ఎందుకు? తినేటప్పుడు తీయాలి కదా?"

"ఫోను గేటుకాడ లాకర్లో ఎట్టేస్తామమ్మా. కెమెరా ఉన్న ఫోను యార్డులోకి రానివ్వరు. మళ్ళీ రాత్రి ఏడింటికే సేతికిస్తారు."

"ఐదింటికి తినేసి వెళ్ళొచ్చుగా?"

గణపతి అందుకున్నాడు. "తిని లారీ ఎక్కితే, గేటుకాడ గంట లైను, ఆ తర్వాత మీటింగు. మజ్జిలో కడుపులో తిప్పిందనుకో, ఎక్కడికెల్తాడమ్మా? మేమెవులమూ తినం."

"ఎవరూ?"

"ఎవులమూ."

"మాత్ర?" అంది సుస్మిత.

"ఫోను ఏసుకోమన్నప్పుడే ఏసుకుంటాను," అన్నాడు దానయ్య. "ఒక్కరోజూ తప్పనేదు."

సుస్మిత బల్ల మీద వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. ఐదు నుంచి తొమ్మిదిన్నర. నాలుగున్నర గంటలు. "ఇప్పుడు మాత్రలు వేసుకోండి" అన్న వాక్యం ఆమె రాసిందే. కిందటి డిసెంబరులో ఒక మధ్యాహ్నం, నలభై నిమిషాల్లో నూట పది వాక్యాలు రాసింది. ఆఫీసులో యాప్‌ను పరీక్షించినవాళ్ళంతా ఫొటో తీసిన వెంటనే ప్లేటు ముందుకు లాక్కుని తిన్నారు. ఆమె కూడా.

"మీకు పొద్దున వణుకు వస్తోందా?"

"నేదమ్మా."

"తొమ్మిదింటికి ఒస్తాది," అన్నాడు గణపతి.

"నువ్వు నోరు ముయ్యి."

"ముయ్యను బావా. కింద ఉన్నది నా బుర్ర."

దానయ్య బల్ల వైపు చూశాడు. సుస్మిత అడిగింది. "రోజూ రాత్రి యాప్ అడుగుతుంది. మీరు లేదని నొక్కుతున్నారు. ఎందుకు?"

"ఉందంటే దించేస్తారు."

"ఎవరు?"

"సేఫ్టీ ఆయన."

"ఆయనకి కనపడదు. డాక్టరు ఒక్కామెకే."

"మీరనుకుంటన్నారు."

సుస్మిత మాత్రల పట్టీ చేతిలోకి తీసుకుంది. "ఈ చిన్నది ఉంది చూడండి, దీని పని ఒంట్లో సుగర్‌ని దించడం. మీరు తిన్నారా లేదా అని అది చూడదు. దించుతూ పోతుంది. తొమ్మిదింటికి దించడానికి కూడా ఏమీ మిగలదు. అప్పుడే వణుకు. మీరు తినేశారనుకుని డాక్టరు డోసు పెంచింది."

దానయ్య పట్టీని తిప్పి చూశాడు. "అంటే ఇది మంచిదే. టైమే కాదు."

"అవును."

"మరి నాలుగు నెల్లూ ఎవులూ సెప్పనేదే?"

"యాప్‌లో ఉంది. ఏడో పేజీలో."

"ఏడో పేజీ నేను సూణ్ణేదు."

"రెండు వందల ఆరుగురిలో ముగ్గురు చూశారు," అంది సుస్మిత. "మాకు లెక్క తెలుస్తుంది."

వీడియో తీయలేదు. ఆమె బస్సులో కూర్చుని లాప్‌టాప్ తెరిచి, అందరి టిఫిను ఫొటోల సమయాలు చూసింది. నూట అరవై మూడు మంది ఐదున్నరలోపే తీస్తున్నారు. తన మేనేజరు పృథ్వీకి ఫోన్ చేసి చెప్పింది. "తొంభై పైన వచ్చిందని పైవాళ్ళకి స్లైడ్స్ వెళ్ళిపోయాయి కదా, సుస్మితా," అన్నాడు అతను.

"వెనక్కి తెప్పించు. ముందు క్లినిక్‌కి చెప్పాలి. ఈ రోజే."

"ఆదివారం."

"ఆదివారం కూడా మాత్ర వేసుకుంటారు."

అతను క్లినిక్‌కు రాశాడు. ఫొటో తీయగానే మాత్ర వేసుకోమనే వాక్యాన్ని ఆ రాత్రికే తీసేశారు. మాత్ర సమయం మార్చుకునే వీలు మాత్రం మూడు నెలల తర్వాత వచ్చే యాప్ కొత్త రిలీజులో ఉంటుందన్నారు.

మంగళవారం సాయంత్రం దానయ్య వుడ్‌ల్యాండ్స్ క్లినిక్‌కు వెళ్ళాడు. సుస్మిత ఫోనులో ఉండి అటూ ఇటూ మాటలు చెప్పింది. ఎన్నిసార్లు కళ్ళు తిరిగాయని డాక్టరు అడిగింది. దానయ్య ఫోను వైపు చూసి, "ఒణుకైతే రోజూ. పడిపోతానేమో అనిపించింది రెండుసార్లు. ఒకసారి సేతిలో క్లాంపు జారింది," అన్నాడు. అవతల సుస్మిత ఆ మాటలే ఇంగ్లిషులో చెప్పింది.

డాక్టరు చిన్న మాత్రను పాత డోసుకు తగ్గించింది. మాత్రలు తొమ్మిదిన్నరకు, తిండితో పాటే వేసుకోమంది. రెండు వారాలు ఎత్తు మీద పని వద్దని కాగితం రాసింది. అది కంపెనీకి ఇవ్వాలి.

దానయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. డార్మిటరీకి వెళ్ళే బస్సు రెండు వచ్చి వెళ్ళాయి. మూడోది ఎక్కాడు. గదిలో గణపతి కూర తరుగుతున్నాడు.

"ఏటన్నాది డాక్టరమ్మ?"

"రెండు వారాలు కింద ఉండమన్నాది."

"కాయితం ఇచ్చినాదా?"

"ఇచ్చినాది."

గణపతి ఉల్లిపాయ పక్కన పెట్టాడు. "ఇస్తావా?"

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే రేపు నేను టోపీ మీద టోపీ ఎట్టుకొని ఒస్తాను."

దానయ్య మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బుధవారం పొద్దున గేటు దగ్గర కాగితం సేఫ్టీ ఆఫీసరు చేతిలో పెట్టాడు. ఆయన ఇక్కడ పుట్టిన తమిళాయన. చదివి, పాస్ అడిగి తీసుకుని సొరుగులో వేశాడు. "రెండు వారాల తర్వాత చూద్దాం. నీ యాప్ రికార్డు చూపించు అప్పుడు," అన్నాడు తమిళంలో. పదకొండేళ్ళలో దానయ్యకు ఆ మాత్రం తమిళం వచ్చింది.

ఆ రెండు వారాలు దానయ్య కింద పనిచేశాడు. తుప్పు పట్టిన క్లాంపులు ఏరడం, పైపులు మోయడం. మాత్రల పట్టీని హెల్మెట్ లోపల టేపుతో అంటించుకున్నాడు. ఫోను లాకర్లో ఉంటుంది కాబట్టి మాత్ర సంగతి గుర్తుచేసేది ఏదీ లేదు. టీ బ్రేకు సైరను మోగితే హెల్మెట్ తీస్తాడు, పట్టీ కనిపిస్తుంది, పొట్లం విప్పి తింటూ మాత్రలు వేసుకుంటాడు. తొమ్మిదింటికి ఫస్ట్ ఎయిడ్ గదికి వెళ్ళేవాడు. అక్కడి నర్సు వేలు పొడిచి అంకె చెప్పేది. దానయ్య సిగరెట్ పెట్టె అట్ట మీద పెన్సిలుతో తేదీ, అంకె రాసుకునేవాడు. ఆరు పాయింటు ఒకటి. ఐదు పాయింటు ఎనిమిది. ఆరున్నర.

యాప్ మాత్రం నాలుగూ నలభై ఐదుకు మోగుతూనే ఉంది. ఐదింటికి ఫొటో లేదు, మాత్ర లేదు. రోజుకు రెండు ఎర్ర గీతలు. రాత్రి అంకె ఒక్కటే పచ్చ. రెండో వారం చివరికి తొంభై ఎనిమిది కాస్తా నలభై ఒకటైంది.

ఆ అంకె గణపతి చూశాడు. "బావా, ఇది చూపిస్తే ఆయన నీకు విమానం టిక్కెట్టు చూపిస్తాడు. ఫొటో ఐదింటికే తీసెయ్యి. ఏసుకున్నానని నొక్కెయ్యి. మాత్ర తొమ్మిదిన్నరకే మింగు. ఫోనుకేటి తెలుస్తాది?"

దానయ్య ఆ మాట సుస్మితకు ఫోన్ చేసి అడిగాడు. ఆమె వెనకాల ఎవరో ఇంగ్లిషులో మీటింగు మాట్లాడుతున్నారు.

"నొక్కితే పచ్చగా వస్తుంది, దానయ్య గారూ. నేనేం ఆపలేను. కానీ మళ్ళీ వేరే డాక్టరు ఎవరైనా అదే చూసి డోసు పెంచొచ్చు."

"మరి ఆయన రికార్డడిగితే?"

"నేను లెటరు రాసిస్తాను. కంపెనీ పేరుతో. దానికి పృథ్వీ సంతకం కావాలి. శుక్రవారం దాకా ఆగగలరా?"

"బుధవారమే రమ్మన్నాడమ్మా."

బుధవారానికి లెటరు రాలేదు. యాప్‌లో దొంగ ఫొటో కూడా పడలేదు. దానయ్య లాకర్లో పెట్టేముందు ఫోను సేఫ్టీ ఆఫీసరుకు చూపించాడు.

"ఇదేంటి? పోయిన నెల తొంభై ఎనిమిది. ఈ నెల నలభై ఒకటి. నీకు తగ్గిందని చెప్తావా?"

"తగ్గింది సార్."

"ఇక్కడ ఎర్రగా ఉంది."

దానయ్యకు తెలిసిన తమిళం, ఇంగ్లిషు చాలవనిపించింది. కుడి చెయ్యి ఎత్తాడు. "ఇది మాత్ర. ఐదింటికి లోపలికి పోయింది." ఎడమ చెయ్యి ఎత్తాడు. "ఇది తిండి. తొమ్మిదిన్నరకి పోయింది." రెండు చేతులనూ దూరంగా పట్టుకున్నాడు. "ఈ మధ్యలో సుగర్ కిందకి పోయింది. నేను వణికాను. ఫోన్‌లో అంతా పచ్చ." రెండు చేతులూ ఒకచోటికి తెచ్చాడు. "ఇప్పుడు రెండూ ఒకటే టైము. వణుకు లేదు. ఆ టైముకి ఫోను లాకర్లో ఉంటుంది సార్, దానికెలా తెలుస్తుంది?"

సేఫ్టీ ఆఫీసరు ఆ చేతులనే చూశాడు. "ఇది నీకెవరు చెప్పారు?"

"ఒకమ్మాయి చెప్పింది. తర్వాత నేనే చూశాను." హెల్మెట్ లోంచి అట్ట తీసి ఇచ్చాడు. పన్నెండు తేదీలు, పన్నెండు అంకెలు.

ఆయన ఫస్ట్ ఎయిడ్ గదికి ఫోన్ చేశాడు. నర్సు అవునంది. ఆయనకు యార్డులో ఫోను వాడే అనుమతి ఉంది. దాన్ని తీసి అట్టను ఫొటో తీశాడు. తర్వాత సొరుగు తెరిచి పాస్ తీశాడు. ఇవ్వలేదు. పట్టుకునే మాట్లాడాడు.

"ఒక వారం మొదటి వరుస మాత్రమే. రెండు మీటర్లు. రోజూ తొమ్మిదింటికి సుగర్ చూపించుకోవాలి. ఒక్కరోజు తప్పినా పాస్ మళ్ళీ ఇక్కడికే వస్తుంది."

"పై వరుసలు సార్?"

"వారం తర్వాత అడుగు."

దానయ్య పాస్ మెడలో వేసుకున్నాడు. ఎనిమిదింపావుకు మొదటి వరుస ఎక్కి నడుం బెల్టు కొక్కెం పైపుకు తగిలించాడు. గణపతి కింద నిలబడి పైకి చూశాడు.

"అంతేనా బావా? మా ఇంటి అటక ఇంతకన్నా ఎత్తు."

"పైపు అందించు."

తొమ్మిదికి పది నిమిషాలు ఉండగా దానయ్య దిగి, వేలు పొడిపించుకుని వచ్చాడు. ఐదు పాయింటు తొమ్మిది. మళ్ళీ ఎక్కాడు. తొమ్మిదీ పదికి స్పానరు బెల్టులో దోపి, గ్లౌజు తీసి, కుడి చెయ్యి ముందుకు చాపి చూసుకున్నాడు. గణపతి కూడా కింద నుంచి ఆ చేతినే చూస్తున్నాడు.

చెయ్యి కదలలేదు. దానయ్య గ్లౌజు తొడుక్కుని తర్వాతి పైపు అడిగాడు.